"బాగుందండీ" అని ఊరుకోకండి

(రేడియో ప్రసంగ పాఠం)

 ఈ పూట మన ఇళ్లలో రోజూ జరిగే ఒక చిన్న సంగతితో మాట మొదలుపెడతాను.

పొయ్యిమీద పులుసు మరుగుతూ ఉంటుంది. అమ్మ గరిటెతో కొంచెం తీసి మీ అరచేతిలో వేసి, "ఉప్పు సరిపోయిందో లేదో చూడు" అంటుంది. మీరేం చెప్పాలి? తక్కువైతే తక్కువైందనే చెప్పాలి. మొహమాటపడి "బాగుంది, బాగుంది" అంటే ఏమవుతుంది? ఆ పూట ఇంటిల్లిపాదీ చప్పటి పులుసే తినాలి. గమనించండి, అమ్మ మెప్పుకోసం అడగలేదు. పులుసు ఇంకా పొయ్యిమీదనే ఉంది, ఇప్పుడైతే సరిచేయవచ్చు, అందుకే అడిగింది.

ఈ రోజు మనం మాట్లాడుకునే విషయం ఇదే. అయితే వంటింటి గురించి కాదు, వెబ్‌సైటు గురించి. ఒక వెబ్‌సైటును కొత్తగా తీర్చిదిద్దుతున్నప్పుడు, పని సగంలో ఉండగానే దాని నమూనాను వాడుకరుల ముందు పెట్టి, "చూసి చెప్పండి" అని అడుగుతారు. ఎందుకు అడుగుతారు? అడిగితే మనం ఎలా చెప్పాలి? అడిగినవారు ఆ తరువాత ఏం చేయాలి? ఈ మూడు సంగతులు ఆలోచిద్దాం. ఇది కంప్యూటర్లు తెలిసినవారి సంగతి, మాకెందుకు అనుకోకండి. కరెంటు బిల్లు కట్టాలన్నా, రైలు టికెట్టు తీసుకోవాలన్నా, పిల్లల పరీక్షా ఫలితాలు చూడాలన్నా ఇప్పుడు వెబ్‌సైటే దిక్కు. మన సంఘాలకు కూడా వెబ్‌సైట్లు వచ్చాయి. ఆరాధన సమయాలు, పత్రిక పాత సంచికలు, ప్రసంగాలు అన్నీ అక్కడ పెడుతున్నారు. ఆ పేజీ అర్థం కాకపోతే నష్టపోయేది దాన్ని కట్టినవారు కాదు, దానికోసం వచ్చినవారు.

మొదటి సంగతి: పని పూర్తి కాకముందే ఎందుకు చూపిస్తారు?

ఇల్లు కట్టేటప్పుడు ముందు మేకులు పాతి, తాడు కట్టి, ముగ్గు పోస్తారు. ఇంటివారు ఆ గీతల మధ్య నిలబడి చూస్తారు. "వంటగది ఇరుకుగా ఉంది, గుమ్మం ఇటు జరపండి" అంటారు. అప్పుడు గుమ్మం జరపడానికి అయ్యే ఖర్చెంత? గుప్పెడు సున్నం. అదే గుమ్మాన్ని స్లాబు పడ్డాక జరపమంటే? గోడ పగలగొట్టాలి. వెబ్‌సైటు విషయంలోనూ అంతే. పేజీలు కాగితంమీద గీతలుగా ఉన్నప్పుడు మెనూ ఎక్కడ ఉండాలి, ఏ మాట ఏ వరుసలో రావాలి అన్నది తేలికగా మార్చవచ్చు. అంతా కట్టి తెరిచాక మార్చాలంటే డబ్బూ పోతుంది, కాలమూ పోతుంది, కట్టినవారి మనసూ ఒప్పుకోదు.

ఇంకొక కారణం కూడా ఉంది. కట్టినవారికి తమ తప్పు కనబడదు. ఎందుకంటే ఏది ఎక్కడ ఉందో వారికి ముందే తెలుసు. మన ఇంట్లో చీకట్లో కూడా మనం గోడకు కొట్టుకోకుండా నడుస్తాం. వచ్చిన చుట్టం కొట్టుకుంటాడు. ఆ చుట్టం చెబితేనే ఆ గడప ఎత్తుగా ఉందని తెలుస్తుంది.

అయితే ఎంతమందిని అడగాలి? వెబ్‌సైట్ల వాడకంపై చాలాకాలం పరిశోధన చేసిన జేకబ్ నీల్సెన్ 2000 సంవత్సరంలో ఒక సంగతి రాశారు. ఐదుగురిని కూర్చోబెట్టి, వారు పేజీని వాడుతుండగా పక్కన ఉండి చూస్తే, దానిలోని చిక్కుల్లో దాదాపు 85 శాతం బయటపడతాయని ఆయన లెక్క. ఐదుగురితో సరిపెట్టుకోమని కాదు. ఐదుగురికి చూపించి దిద్దండి, మళ్లీ వేరే ఐదుగురికి చూపించి మళ్లీ దిద్దండి అన్నది ఆయన సలహా. ఒకేసారి పదిహేనుమందికి చూపించడంకన్నా మూడుసార్లు ఐదుగురికి చూపించడమే మేలు. ఎవరి అలవాట్లు వేరుగా ఉంటాయో, వారిలోనుంచి వేరుగా కొందరిని పిలవాలి.

ఇది పెద్ద ఎత్తున ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణ చూద్దాం. వికీపీడియా మీలో చాలామందికి తెలిసిందే. 2001 లో ఇంగ్లీషులో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వం 2003 డిసెంబరులో తెలుగులో కూడా మొదలైంది. 2010 లో దానికి వచ్చిన రూపం పదేళ్లకు పైగా పెద్దగా మారలేదు. కంప్యూటర్ తెరమీద ఆ రూపాన్ని మెరుగుపరచే పనిని వికీమీడియా ఫౌండేషన్ 2019 లో చేపట్టింది. వారు ఏం చేశారు? అంతా కట్టేసి ఒక్కరోజున తెరవలేదు. ఒక్కొక్క మార్పును నమూనాగా చేసి, ముందుగా చూడడానికి ఒప్పుకొన్న కొన్ని వికీపీడియాల్లో 2020 నుండి పెడుతూ వచ్చారు. వాటిలో ఫ్రెంచి, బాస్క్, హీబ్రూ, పారసీక భాషలు ఉన్నాయి. హీబ్రూ, పారసీకం కుడినుండి ఎడమకు రాసే భాషలు. ఎడమనుండి కుడికి చదివేవారికి చక్కగా కనబడే పేజీ వారికి అలాగే కనబడుతుందా? అక్కడ పెట్టి చూస్తేనే కదా తెలిసేది! ఈ పనిలో 30 కి పైగా వాలంటీరు బృందాల సలహాలు తీసుకున్నారు. భారతదేశంలోని పాఠకుల మాట కూడా విన్నారు.

అయినా అందరూ సంతోషించారా? లేదు. కొత్త రూపంలో పాఠాన్ని ఒక పరిమితమైన వెడల్పులోనే ఉంచారు. వరుస మరీ పొడవైతే చదివే కన్ను తరువాతి వరుసను పట్టుకోలేక అలసిపోతుందన్నది వారి ఆలోచన. అయితే పెద్ద తెరలున్నవారు, "రెండుపక్కలా ఇంత ఖాళీ ఎందుకు? మా తెర వృథా అవుతోంది" అన్నారు. 2022 లో ఇంగ్లీషు వికీపీడియాలో దీనిమీద పెద్ద చర్చ జరిగింది. మూడు వందలమందికి పైగా అభిప్రాయం చెప్పారు. వద్దన్నవారు, కావాలన్నవారు ఇంచుమించు సమానం. ఆ చర్చ ఫలితంగా, వెడల్పును ఎవరికి వారు మార్చుకునే బటన్ ఒకటి పెట్టారు. ఖాతా లేనివారికి కూడా అది అందింది. 2023 జనవరి 18 న కొత్త రూపం ఇంగ్లీషు వికీపీడియా పాఠకులందరికీ వచ్చింది. వచ్చాక మళ్లీ అభ్యంతరాలు వచ్చాయి. పాత రూపానికే మళ్లాలని ఇంకొక చర్చ జరిగింది గాని, దానికి ఏకాభిప్రాయం కుదరలేదు. 2024 లో అక్షరాల సైజు, వెడల్పు, చీకటి రంగు ఎంచుకునే మెనూ కూడా వచ్చింది. ఖాతా ఉన్నవారు కావాలంటే పాత రూపాన్నే ఉంచుకోవచ్చు.

దీనిలోనుండి మనం నేర్చుకునేదేమిటి? ముందుగా అడిగినంత మాత్రాన అందరూ మెచ్చుకుంటారని కాదు. కాని ముందుగా అడిగినందువల్ల ఆ బటన్ వచ్చింది. "ఇది నాకు అడ్డంగా ఉంది" అని ఓపికగా చెప్పినవారు లేకపోతే అది వచ్చి ఉండేదా?

రెండవ సంగతి: మనల్ని అడిగితే ఎలా చెప్పాలి?

మనలో రెండు అలవాట్లు ఉన్నాయి. ఒకటి మొహమాటం. కష్టపడి చేశారు, పిల్లలు నొచ్చుకుంటారు అని "బాగుందండీ" అని ఊరుకుంటాం. రెండవది విసుగు. "పాతదే నయం, ఎందుకు మార్చారు?" అని తోసిపుచ్చుతాం. ఈ రెండు మాటల్లోనూ పనివారు దిద్దుకోవడానికి ఏమీ దొరకదు.

మరి ఏం చెప్పాలి? బాగుందా, బాగాలేదా అన్న తీర్పు అక్కరలేదు. జరిగింది జరిగినట్టు చెప్పండి. మీరు ఏ పనికోసం ఆ పేజీకి వెళ్లారు? ఎక్కడ నొక్కారు? ఏం వస్తుందని అనుకున్నారు? నిజానికి ఏం వచ్చింది? చూసింది ఫోనులోనా, కంప్యూటర్‌లోనా? ఈ ఐదు మాటలు చాలు. "మీ పేజీ గందరగోళంగా ఉంది" అనేకన్నా, "ఆదివారం ఆరాధన ఎన్నింటికో చూద్దామని ఫోనులో తెరిచాను, 'మా గురించి' అన్నచోట నొక్కాను, అక్కడ లేదు, చివరికి ఫోను చేసి అడిగాను" అని చెప్పండి. ఈ ఒక్క వాక్యంలో ఏం దిద్దాలో మొత్తం ఉంది.

ఇంకొక జాగ్రత్త. కొత్త చెప్పు మొదటిరోజు కరుస్తుంది. అంతమాత్రాన చెప్పు చెడ్డది కాదు. వారంరోజులు వేసుకున్నాక కూడా కరుస్తుంటే అప్పుడు సైజు తప్పు. అలాగే నమూనాను చూసిన వెంటనే ఒక మాట చెప్పండి, కొన్ని రోజులు వాడాక మరొక మాట చెప్పండి. మొదట ఇబ్బందిగా ఉండి తరువాత పోయినదేది? ఇంకా పోనిదేది? ఈ తేడా పనివారికి ఎంతో ఉపయోగం.

తెలుగువారమైన మనం తప్పక చెప్పవలసినది మరొకటి ఉంది. మన అక్షరాలకు కింద వొత్తులుంటాయి. "రాష్ట్రం", "స్త్రీ" వంటి మాటల్లో ఒకదాని కింద ఒకటి రెండు వొత్తులు వస్తాయి. పైన గుడులు ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేంత ఎడం పెట్టి వరుసలు అమర్చితే, పై వరుస వొత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. తెలుగు చదవనివారికి ఇది తెలియదు, తెలిసే అవకాశమూ లేదు. మనం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

మూడవ సంగతి: అడిగినవారి బాధ్యత.

ప్రియ శ్రోతలారా, మీలో కొందరు ఇలాంటి పని చేయిస్తున్నవారు ఉండవచ్చు. సంఘపు వెబ్‌సైటు కావచ్చు, బడిది కావచ్చు, ఊరి గ్రంథాలయానిది కావచ్చు. మీకు ఒక మనవి. మార్చే ఉద్దేశం లేనప్పుడు అడగవద్దు. అన్నీ నిర్ణయించేసి, తెరవడానికి రెండురోజుల ముందు "మీ సలహాలు పంపండి" అంటే అది అడగడం కాదు. జనానికి అది తెలిసిపోతుంది. రెండవసారి నిజంగా అడిగినా వారు నోరు విప్పరు.

నమూనా చూపించేటప్పుడు ఏది ఇంకా మారవచ్చో, ఏది మారదో ముందే చెప్పండి. వారు చూస్తున్నప్పుడు మీరు పక్కన కూర్చోండి, కాని "అక్కడ కాదు, ఇక్కడ నొక్కండి" అని చెప్పకండి. రేపు వారు ఇంట్లో ఒంటరిగా చూసేటప్పుడు మీరు పక్కన ఉండరు కదా! వారి వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ వెనక్కు వెళ్లిందో చూడండి. నోటితో "బాగుంది" అన్నవారి చేయి కూడా నిజం చెబుతుంది.

ఎవరిని అడగాలి? ముందు వరుసలో కూర్చుని ఎప్పుడూ మాట్లాడేవారిని మాత్రమే కాదు. వెనుక వరుసలో ఉన్నవారి దగ్గరకు వెళ్లండి. కళ్లద్దాలు పెట్టుకున్న అవ్వ ఆ అక్షరాలు చదవగలదా? పగిలిన తెర ఉన్న చిన్న ఫోనులో, సిగ్నల్ సరిగా అందని ఊరిలో ఆ పేజీ తెరుచుకుంటుందా? చూపులేని సహోదరుడు పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో వింటే, ఫోటోల చోట అతనికి ఏమైనా వినబడుతుందా? లేత బూడిదరంగు అక్షరాలు తెల్లని పేజీమీద అందంగా ఉంటాయి గాని, చాలామందికి కనబడవు. అందుకే మామూలు సైజు అక్షరాలకూ వాటి వెనుక రంగుకూ మధ్య కనీసం 4.5 కు 1 తేడా ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. వీరెవరూ తమంతట తాము వచ్చి ఫిర్యాదు చేయరు. పేజీ తెరుచుకోకపోతే "నాకు రాదులే" అని తమనే తప్పుపట్టుకుని ఊరుకుంటారు. ఆ మౌనాన్ని ఒప్పుదల అనుకోకండి.

చివరిగా, చెప్పినవారికి జవాబు ఇవ్వండి. "మీరు చెప్పినవాటిలో ఈ నాలుగు మార్చాం. ఈ రెండు మార్చలేదు, కారణం ఇది" అని అందరికీ తెలియజేయండి. తన మాట నెగ్గకపోయినా, విన్నారని తెలిస్తే మనిషి తృప్తిపడతాడు. కొత్తది తెరిచాక పాతదాన్ని కొంతకాలం అందుబాటులో ఉంచండి. అలవాటుపడడానికి అందరికీ ఒకే సమయం పట్టదు.

శ్రోతలారా, మళ్లీ ఆ పొయ్యి దగ్గరకే వద్దాం. అరచేతిలో పులుసు వేసి అడిగినప్పుడు నిజం చెప్పడం మన పని. విని సరిచేయడం వండేవారి పని. ఎవరు తమ పని మానినా తినేవారందరూ ఆ లోటు భరించాలి. ఈ వారం మీకు ఎవరైనా సగం కట్టిన పేజీ చూపించి "ఎలా ఉంది?" అని అడిగితే, ఐదు నిమిషాలు తీరిక చేసుకుని వాడి చూడండి. ఎక్కడ ఆగిపోయారో చెప్పండి. చూడలేని, అడగలేని మీ పొరుగువారి తరఫున కూడా ఒక మాట చెప్పండి.

వచ్చేవారం ఇదే సమయానికి మళ్లీ కలుసుకుందాం. అంతవరకు సెలవు.