పొలం మారే పసుపు బాయిలర్: ప్రతి చోటా కొత్తగా అమర్చినట్లే

నిజామాబాద్, జగిత్యాల జిల్లాల్లో జనవరి నుండి మార్చి వరకు పసుపు తవ్వకాలు ముమ్మరంగా సాగుతాయి. తవ్విన పంటలో కొమ్ములను, మండను వేరు చేసి రెండు, మూడు రోజుల్లోగా ఉడికించడం శ్రేయస్కరం. కడాయిల్లో నీరు పోసి 45 నుండి 60 నిమిషాలు ఉడికించే పాత పద్ధతికి బదులు, పొలం నుండి పొలానికి తరలించే ఆవిరి బాయిలర్లు వాడుకలోకి వచ్చాయి. వీటివల్ల పచ్చి పసుపును దూరం మోసే శ్రమ తప్పుతుంది. నీరు, వంటచెరకు ఆదా అవుతాయి. అయితే స్థలం మారిన ప్రతిసారీ బాయిలర్‌ను కొత్తగా అమర్చినట్లే భావించి పరీక్షించడం తప్పనిసరి.

తరలించే ముందు

పీడనంలో ఉన్న బాయిలర్‌లోని నీరు 100 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడెక్కి ఉంటుంది. గోడ పగిలితే అందులో కొంత నీరు ఒక్కసారిగా ఆవిరిగా మారుతుంది. సాధారణ వాతావరణ పీడనంలో 1 లీటరు నీరు ఆవిరైతే సుమారు 1,670 లీటర్ల స్థలాన్ని ఆక్రమిస్తుంది. పేలుడు తీవ్రతకు కారణమిదే. కావున మంట పూర్తిగా ఆర్పి, పీడన సూచిక సున్నాకు చేరి, బాయిలర్ చల్లబడిన తరువాతనే నీటిని తీసివేసి తరలించాలి.

కొత్త స్థలంలో

తవ్విన మడిలోని వదులు మట్టిలో చక్రాలు ఒక పక్కకు కుంగుతాయి. 3 మీటర్ల పొడవున్న బాయిలర్ 30కి 1 వంతున వాలితే రెండు కొనల మధ్య 10 సెంటీమీటర్ల తేడా వస్తుంది. నీటిమట్టం చూపే గాజు గొట్టం పల్లపు కొనలో ఉంటే నీరు చాలినంత ఉన్నట్లే కనిపిస్తుంది. ఎత్తు కొనలో మంట తగిలే రేకు మాత్రం నీరు లేక మితిమీరి కాలి బలహీనపడుతుంది. ఆ స్థితిలో చన్నీళ్లు పోయరాదు. వెంటనే మంట తీసివేయాలి. అందువల్ల గట్టి నేలను ఎంచుకొని, మట్టపు పలకతో సరిచూసి, చక్రాలకు అడ్డు పెట్టాలి. విద్యుత్ తీగల కింద, ఎండుటాకుల కుప్పల దగ్గర బాయిలర్‌ను నిలపరాదు. భద్రతా కవాటం పనితీరును ప్రతి చోటా పరీక్షించాలి.

ఆవిరి గొట్టం పొడవైతే దారిలోనే ఆవిరి చల్లబడి నీరవుతుంది. డ్రమ్ముల్లో ఉడుకు సమంగా ఉండదు. తక్కువ ఉడికిన కొమ్ము పెళుసుబారుతుంది, ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది. పుల్ల గుచ్చితే సులభంగా దిగడం సరైన ఉడుకుకు గుర్తు.

చట్టం, విస్తరణ

1923 నాటి భారతీయ బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చింది. 25 లీటర్ల కన్నా తక్కువ సామర్థ్యం గాని, చదరపు సెంటీమీటరుకు 1 కిలో కన్నా తక్కువ పీడనం గాని ఉన్నవి దీని నిర్వచనంలోకి రావు. మిగిలిన వాటిని అద్దెకు తీసుకునే ముందు ధ్రువపత్రం అడిగి చూడమని విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు సూచించాలి. కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన స్థానం, కృషి విజ్ఞాన కేంద్రాలు తవ్వకాలకు ముందే బాయిలర్ నడిపేవారికి శిక్షణ ఏర్పాటు చేస్తే పంట నాణ్యతతో పాటు కూలీల ప్రాణాలకూ రక్షణ లభిస్తుంది.