లిగ్నైట్ గనిలో 5 కోట్ల ఏళ్ల నాటి చీమలు!

అంబర్ అనగానే మనకి గుర్తొచ్చేది జురాసిక్ పార్క్. దోమ, దాని కడుపులో డైనోసార్ రక్తం, అందులోంచి డీఎన్ఏ. ముందు ఆ డౌట్ క్లియర్ చేసేద్దాం. అది జరగదు. డీఎన్ఏ అన్ని కోట్ల ఏళ్లు నిలవదు, ముక్కలైపోతుంది. కానీ అంబర్‌లో నిజంగా దొరికేది అంతకన్నా తక్కువదేం కాదు.

అసలు అంబర్ అంటే ఏంటి? చెట్టుకి గాయమైతే జిగురులాంటి రెజిన్ కారుతుంది కదా, అందులో ఓ చీమో సాలీడో ఇరుక్కుంటుంది. పైన ఇంకో పొర కారి మూసేస్తుంది. ఇక గాలి తగలదు, కుళ్లబెట్టే బ్యాక్టీరియా పని చేయలేదు. అది మట్టి కింద పూడిపోయి, లక్షల ఏళ్లలో దాని అణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. అదే అంబర్.

ఇది మన దేశంలోనూ ఉంది. గుజరాత్‌లో, సూరత్ దగ్గర వస్తాన్ లిగ్నైట్ గనిలో. వయసు 5 కోట్ల ఏళ్ల పైనే. 2010లో వచ్చిన పేపర్ ప్రకారం, 150 కిలోల అంబర్‌లో 700కి పైగా పురుగులు, సాలీళ్ల లాంటి జీవులు దొరికాయి. ఆ రెజిన్ కార్చిన చెట్లు ఏ కుటుంబమో తెలుసా? మన ఇళ్లల్లో పొగ వేసే గుగ్గిలం చెట్టుదే!

ఇంకో స్పెషాలిటీ. ఈ అంబర్ పూర్తిగా గట్టిపడలేదు. టోలీన్ లాంటి సాల్వెంట్‌లో వేస్తే కరిగిపోతుంది, పురుగు మొత్తంగా బయటికొస్తుంది.

సరే, దీని వల్ల ఏం తెలిసింది? ఇండియా దాదాపు 9 కోట్ల ఏళ్ల కింద మడగాస్కర్ నుంచి విడిపోయి, సముద్రంలో ఒంటరి ద్వీపంలా ఉత్తరానికి వచ్చింది. అంతకాలం ఒంటరిగా ఉంటే ఇక్కడి పురుగులు వేరెక్కడా లేనివై ఉండాలి కదా? కానీ చాలావాటికి యూరప్, ఆసియా, అమెరికాల్లో కూడా చుట్టాలున్నాయి. అంటే మనం అనుకున్నంత ఒంటరిగా లేమన్నమాట. మధ్యలో చిన్న చిన్న దీవులు మెట్లలా పనిచేసి ఉండొచ్చని ఒక ఆలోచన.

ఒక్క మాట చెప్పి ముగిస్తా. ఆ గనిలో లిగ్నైట్ తవ్వింది కరెంటు కోసం. తవ్వితేనే అంబర్ బయటపడింది, కానీ ఎవరూ ఏరని ముక్క బొగ్గుతో పాటే కాలిపోయింది. అందులో ఏ చీమ ఉందో ఇక ఎప్పటికీ తెలీదు.