ఆ వంద అడుగులు!

సినిమాలో విమానం కూలితే మనకేం భయం ఉండదు. హీరోగారు పారాచూట్ తగిలించుకుని దూకేస్తారు... చొక్కా నలక్కుండా నేల మీద వాలిపోతారు. నేల టిక్కెట్టు నుంచి బాల్కనీ దాకా ఒకటే ఈలలు!

2004 ఏప్రిల్ 17న వచ్చిన కబురు మాత్రం అలాంటిది కాదు. "సౌందర్య ఇక లేదు" అన్న మాట నమ్మడానికి బెజవాడ గాంధీనగర్‌లో ఫిల్ము డిస్ట్రిబ్యూటర్ నుంచి టిక్కెట్ల క్యూలో నిలబడే కుర్రాడి దాకా ఎవరికీ మనసొప్పలేదు. 'అమ్మోరు'లో అమాయకపు భవానిగా ఏడిపించిన పిల్ల, 'పవిత్రబంధం', 'పెళ్లి చేసుకుందాం' చిత్రాలతో ఇంటింటి ఆడపడుచైపోయిన పిల్ల... ముప్పై రెండేళ్లయినా నిండకుండానే వెళ్లిపోయిందా?

అసలేం జరిగింది?

అవి ఎన్నికల రోజులు. కరీంనగర్‌లో ప్రచారానికి సౌందర్య బెంగుళూరు జక్కూరు ఎయిర్‌ఫీల్డ్‌లో విమానమెక్కారు. సెస్నా 180... ఒకే ఇంజిను, నాలుగే సీట్లు. పక్కన అన్నయ్య అమరనాథ్, ఒక పార్టీ కార్యకర్త, పైలట్. ఉదయం పదకొండు దాటాక విమానం లేచింది. దాదాపు వంద అడుగులు... అంతే! పక్కనే ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో కూలి మంటల్లో చిక్కుకుంది. కూలే ముందు విమానం ఊగిసలాడిందని అక్కడే ఉన్న ప్రత్యక్ష సాక్షి చెప్పారు. సాయానికి పరుగెత్తుకొచ్చినా లాభం లేకపోయింది. నలుగురిలో ఒక్కరూ దక్కలేదు.

"వంద అడుగులేగా! అంత తక్కువ ఎత్తు నుంచి పడితే బతకరా?" అని అడిగిన అభిమానులెందరో! ఇక్కడే ఉంది తిరకాసు.

పైలట్‌కు ఎత్తు అంటే చేతిలో ఉన్న టైము. విమానం ముక్కు మరీ పైకి లేచినా, వేగం తగ్గినా రెక్కల మీద గాలి పట్టు తప్పుతుంది. దీన్నే 'స్టాల్' అంటారు. విరుగుడు ఒకటే... ముక్కు కిందికి దించి మళ్లీ వేగం అందుకోవడం. మూడు వేల అడుగుల మీద ఉంటే అది చేతనైన పనే. ఇంజిను ఆగిపోయినా గాలిలో జారుతూ ఏదో ఒక పొలం వెతుక్కోవచ్చు. వంద అడుగుల్లో అయితే ఏ కారణంతో తడబడినా, సర్దుకోవడానికి చోటెక్కడుంది? అందుకే చిన్న విమానాలకు నడి ఆకాశం కన్నా నేల దగ్గరే ఎక్కువ గండం.

నమ్మకం కుదరకపోతే మన కృష్ణా డెల్టాలో జరిగిందే చూడండి. గుడివాడ మీదుగా భీమవరం రైలెక్కితే మండవల్లి, కైకలూరు వస్తాయి కదా! కిటికీలోంచి చూస్తే ఎటు చూసినా చేపల చెరువులు, గట్ల మీద కొబ్బరి చెట్లు. ఆ గండానికి రెండేళ్ల ముందు, 2002 మార్చి 3 ఉదయం, లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి భీమవరం నుంచి బెల్ 206 హెలికాప్టర్‌లో బయల్దేరారు. కైకలూరు దగ్గర అది చెరువులో కూలి ఆయన, తోడున్నవారు కన్నుమూశారు.

"ఇంజిను చెడింది" అన్నారు మొదట అందరూ. తీరా తేలింది వేరు! ఎదుట సరిగ్గా కనిపించక పైలట్ కిందికి దించబోయారు. గట్టి నేల అనుకున్నది చేపల చెరువు. అది నీళ్లని తెలిసి గభాలున పైకి లేపబోతే, తిరుగుతున్న రెక్క కొబ్బరి చెట్టుకు తగిలింది. ఇక్కడా గండం నేలను తాకబోయే ఆ కాసిని అడుగుల్లోనే!

మరి ఈ చిక్కుముడి ఎలా విప్పుతారు? పెద్ద విమానాల్లో ఉండే బ్లాక్ బాక్స్ ఇలాంటి చిన్న వాటిలో సాధారణంగా ఉండదు. అందుకే విరిగిన ముక్కలే సాక్షులు. నేలను తాకేటప్పుడు ఇంజిను జోరుగా తిరుగుతూ ఉంటే ప్రొపెల్లర్ బ్లేళ్లు మెలి తిరుగుతాయి. ఆగిపోయి ఉంటే ఆ వంపు వేరుగా ఉంటుంది. పెట్రోలు నమూనా, మరమ్మతుల రికార్డు, మోసిన బరువు, ఆనాటి వాతావరణం, పైలట్ అనుభవం... అన్నీ వరసగా పరిశీలిస్తారు. అప్పట్లో ఈ పని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ చూసేది. 2012లో ప్రత్యేకంగా ఎయిర్‌క్రాఫ్ట్ యాక్సిడెంట్ ఇన్వెస్టిగేషన్ బ్యూరో ఏర్పడింది. సినిమా పోలీసులా దోషిని పట్టి బేడీలు వేయడం వీరి పని కాదు. అలాంటిది మరోసారి జరక్కుండా చూడటమే వీరి లక్ష్యం.

పుకార్లకు ఇంత ఓపిక ఉండదు కదా! 2025లో... అంటే ఇరవై ఒక్కేళ్ల తర్వాత... సౌందర్య పేరు చుట్టూ ఆస్తి గొడవలంటూ కొత్త కథలు పుట్టాయి. అవి నిరాధారమని ఆమె భర్తే ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. పోయిన మనిషి తిరిగొచ్చి జవాబు చెప్పలేదు. ఆ బాధంతా మిగిలిన వాళ్లదే.

బాలకృష్ణ దర్శకత్వంలో ఆమె ద్రౌపదిగా మొదలైన 'నర్తనశాల' ఆ ప్రమాదంతో ఆగిపోయింది. తీసినంత మేరకు, పదిహేడు నిమిషాల చిత్రం, 2020లో విడుదలైంది. అభిమానులు చూసి కళ్లు తుడుచుకున్నారు.

సౌందర్యను ప్రేమించిన మనం చేయగలిగింది ఒకటుంది. ఈసారి ఎవరైనా "అసలు సంగతి ఇదిరా" అంటూ గుసగుసలాడితే వెంటనే నమ్మేయకండి. "దర్యాప్తులో ఏం తేలింది?" అని ఒక్క మాట అడగండి. కైకలూరు చెరువు సంగతి గుర్తుంది కదూ... అక్కడా మొదట అన్నది ఒకటి, చివరికి తేలింది మరొకటి!