నోటికాడి కూడు పొద పాలు

శేరిలింగంపల్లి: మొక్క నాటారు, నీళ్లు పోశారు, కంచె కూడా కట్టారు. అయినా మూడో ఏటికి అది నడుమెత్తు దాటలేదు. ఇలాంటి మొక్కలు రంగారెడ్డి జిల్లాలో ఊరూరా వున్నాయి. తప్పు నీళ్లదని అందరూ అనుకుంటారు. చాలాచోట్ల తప్పు పక్కనున్న పొదది.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి హైటెక్ సిటీ చుట్టూ బండలు, కంపపొదలే ఎక్కువ. ఇప్పుడక్కడ అద్దాల మేడలు లేచాయి. కొత్తగూడలోని 274 ఎకరాల బొటానికల్ గార్డెన్ వంటి కొద్దిచోట్లే పాత నేల మిగిలింది. ఈ నేలలో పైన జానెడో మూరెడో మట్టి, కింద మొరం, ఆ కింద రాయి. వాన పడితే ముందు తడిసేది ఆ పైమట్టే. పొద వేళ్లు అల్లుకునేదీ అక్కడే. మొక్క కోసం పోసిన బిందెడు నీళ్లలో సగం పొద తాగేస్తుంది.

పైన ఎండకూ ఇదే తగవు. ఆకుకు వెలుతురు అందితేనే చెట్టుకు తిండి. పొద నీడలో పడిన మొక్క వెలుతురు కోసం సన్నగా, పొడుగ్గా సాగుతుంది. కాండం లావెక్కదు. తిండి చాలక వేరు లోతుకు దిగదు. వేరు దిగని మొక్క మొదటి ఎండాకాలానికే వాడిపోతుంది.

అన్నిటిలో మొండిది లాంటానా. గుత్తులుగా రంగురంగుల పూలు పూసే ఈ అమెరికా కంపను తెల్లదొరలు తోటల అందం కోసం మన దేశానికి తెచ్చారు. కొడవలితో పైపైన కోస్తే ఒక కొమ్మకు నాలుగు చిగురిస్తాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆచార్యుడు సి.ఆర్. బాబు చూపిన పద్ధతి వేరు. నేలకు రెండంగుళాల లోపల తల్లివేరును నరికి, దుబ్బును తలకిందులుగా పెట్టాలి. మళ్లీ వేరూనదు.

అలాగని పొద కనిపించిన చోటల్లా నరకడమూ తెలివి కాదు. పక్షి రెట్టలో పడిన వేపగింజ ముళ్లపొద నడుమ మొలిచి, మేక నోటికి అందకుండా పెరగడం పల్లెవాళ్లు ఎరిగిందే. పైకి లేచాక వేప నీడకు పొదే చిక్కిపోతుంది. 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల వివాదం నడిచింది. యంత్రాలతో చెట్లు తొలగిస్తుండగా ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించింది. అలా బోసిపోయి పూర్తిగా ఎండ తగిలే నేలలో ముందు లేచేవి కంపలే, నిదానంగా పెరిగే చెట్లు కావు.

2015 జూలైలో చిలుకూరులో మొదలైన హరితహారం తర్వాత మొక్క నాటడం ఊళ్లకు కొత్త కాదు. నాటాక పార పట్టేవారే తక్కువ. మొక్క చుట్టూ రెండు మూరల మేర పాదు చేసి, మూడు వానాకాలాలు కలుపు తీస్తే చాలు. ఆ అవతలి పొదను వుండనివ్వవచ్చు. కోసిన కలుపును గింజ కట్టకముందైతే పాదులోనే పరిస్తే తడి ఆరదు. లాంటానా వేరు తీయడానికి మాత్రం నేల మెత్తగా వున్న వానాకాలమే అదను.