పాత మల్టీమీటర్ రీడింగ్ ఊగుతోందా? ఫోన్ బ్యాటరీ మార్చే ముందు ఇది చూడండి

చిలకలూరిపేటలో మా బాబాయ్ మొబైల్ రిపేర్ షాపులో ఒక పాత బెంచ్ మల్టీమీటర్ ఉంది. ఎర్ర అంకెల డిస్‌ప్లే, నేరుగా కరెంటు మీద నడిచే రకం. గుంటూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఒకరోజు సాయంత్రం ఓ రైతు వచ్చి ఫోన్‌కి చార్జింగ్ ఎక్కట్లేదన్నాడు. బ్యాటరీకి మీటర్ పెడితే 3.71, 3.64, 3.78... అంకె నిలవదు. "బ్యాటరీ పోయిందండీ" అనేయబోయి ఆగాను. ఫోన్ నుంచి విడదీసిన లిథియం బ్యాటరీ వోల్టేజ్ అలా గెంతదు మరి.

రెండు ప్రోబులూ కలిపి చూశా. సున్నా దగ్గర నిలబడాలి, అక్కడా ఊగింది. అంటే తప్పు బ్యాటరీది కాదు. ప్రోబులు మార్చా, రేంజ్ స్విచ్‌లో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవై సార్లు తిప్పా. పాత మీటర్లలో సగం రోగాలు అక్కడే ఉంటాయి. ఇక్కడ మాత్రం లాభం లేదు. ఫోన్ రేపు ఇస్తామని చెప్పి పంపాం.

తెల్లారి చూస్తే మీటర్ బుద్ధిగా ఉంది! సాయంత్రం మళ్లీ డ్యాన్స్. అప్పుడు వెలిగింది. బ్యాటరీతో నడిచే చిన్న మీటర్‌తో ప్లగ్‌లో కొలిస్తే ఉదయం 231 వోల్టులు, సాయంత్రం 188. పత్తి సీజన్ కదా, జిన్నింగ్ మిల్లుల మోటార్లు, ఇళ్ల లోడ్ అన్నీ ఒకేసారి.

మీటర్ లోపల 7805 రెగ్యులేటర్ ఉంది. అది 5 వోల్టులు నిలకడగా ఇవ్వాలంటే లోపలికి కనీసం 7 వోల్టులు రావాలి. రెక్టిఫయర్ నుంచి కరెంటు సెకనుకు 100 అలలుగా వస్తుంది. అలల మధ్య పల్లాన్ని పూడ్చేది ఫిల్టర్ కెపాసిటర్, అదే మన మెకానిక్‌ల భాషలో కండెన్సర్. ఏళ్ల తరబడి వేడికి అది ఎండిపోయింది. మెయిన్స్ 230 ఉన్నంతసేపూ ఎలాగో నెట్టుకొచ్చింది. 188కి పడేసరికి పల్లం 7 కిందకి దిగి, ఆ ఊపు నేరుగా రీడింగ్‌లోకి వచ్చేసింది. 5 వోల్టుల లైన్ మీద ఏసీ మోడ్‌లో కొలిస్తే 140 మిల్లీవోల్టులు! కొన్ని మిల్లీవోల్టులకు మించి ఉండకూడదు.

స్టెబిలైజర్ పెడితే సరిపోదా అంటారేమో. రోగం దాక్కుంటుందంతే. ప్లగ్ తీసి, కెపాసిటర్ పూర్తిగా డిశ్చార్జ్ అయిందని కొలిచి చూసుకున్నాకే విప్పండి. 1000 మైక్రోఫారడ్, 25 వోల్టులు, 105 డిగ్రీల రకం వేశాను. ప్లస్, మైనస్ తారుమారైతే పేలుతుంది, జాగ్రత్త.

ఆ సాయంత్రం 190 వోల్టుల దగ్గర కూడా బ్యాటరీ 3.72 దగ్గర కదలకుండా నిలబడింది. ఇంతకీ ఫోన్ జబ్బు ఏమిటంటారా? చార్జింగ్ పోర్టులో పత్తి నూగు ఇరుక్కుంది. ఫోన్ ఆఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌తో తీశాం, చార్జింగ్ ఎక్కింది. పాత బ్యాటరీతోనే తీసుకెళ్లాడు.