పద్దెనిమిది నిండాక ఏ ఇంటికి?

ఈ నెల మధుమేహం గురించి వ్రాస్తామని సంపాదకులకు మాట ఇచ్చాము. మాట తప్పుతున్నందుకు వారూ పాఠకులూ మన్నించాలి. మధుమేహం ఎక్కడికీ పోదు గనుక దాని సంగతి వచ్చే నెల చూద్దాము. ఈసారి వేరొక విషయం మనస్సులో నుంచి కదలనంటున్నది.

కొంతకాలం క్రిందట ఒక సాయంత్రం మా క్లినిక్కుకు ఒక కుర్రవాడు ఆయాసపడుతూ వచ్చాడు. అతని పేరు గాని, గుర్తు పట్టగలిగే వివరాలు గాని ఇక్కడ చెప్పము. ఉబ్బసం. మందు పీల్పించి కూర్చోబెట్టాక కొంత తేరుకున్నాడు. మామూలుగా అడిగే ప్రశ్నలే అడిగాము. ఇది ఎన్నో ఏట మొదలైంది? తెలియదు. ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నదా? తెలియదు. పడని మందులేమైనా ఉన్నాయా? తెలియదు. బయట ఇంకా పదిమంది కూర్చుని ఉన్నారు. మాకు విసుగు వచ్చింది. "అమ్మను వెంట తీసుకురాకపోయావా?" అన్నాము, నర్సు వింటూండగానే.

అతను నొచ్చుకున్నట్లు కనబడలేదు. "మా హోమ్‌లో పద్దెనిమిది నిండితే డాక్టరు దగ్గరకు మేమే వెళ్ళాలి. నేర్చుకోవాలి గదా" అన్నాడు. అతను నింపి ఇచ్చిన కాగితం అప్పుడు సరిగ్గా చూచాము. దగ్గరి బంధువు అన్నచోట ఏదో ఆఫీసు టెలిఫోను నంబరు ఉన్నది. బంధుత్వం అన్నచోట చిన్న గీత గీశాడు.

మన ఊళ్ళో వైద్యపట్టా పుచ్చుకుని, పరాయి దేశం వచ్చి, ఇన్నేళ్ళుగా రోగులను చూస్తున్నాము. ఆ కాగితం ఎన్ని వేలసార్లు చేతిలోకి తీసుకున్నామో! ఆ గడిలో గీత పెట్టవలసినవాళ్ళు కూడా ఉంటారని ఒక్కనాడూ తోచలేదు.

ఈ హోములు ఏమిటి?

సింగపూరులో ఏళ్ళ తరబడి ఉంటున్నా మనలో చాలామందికి వీటి సంగతి తెలియదు. బార్ట్లీ రోడ్డులోని రామకృష్ణ మిషన్‌కు మనవాళ్ళు తరచు వెళ్తారు. మిషన్ ఇక్కడ 1928లో మొదలైంది. ఆ ఆవరణలోనే బాలుర గృహం ఉన్నదని గమనించినవారు తక్కువ. బాలల సహాయ సంఘం చరిత్ర 1902 దాకా వెళ్తుంది. బుకిట్ తిమా వైపు బాయ్స్ టౌన్, యుద్ధంలో చితికిపోయిన కుటుంబాల మగపిల్లలకు కూడూ గూడూ చేతిపనీ ఇవ్వడానికి 1948లో వెలసింది. సెరంగూన్ గార్డెన్స్‌లో చెన్ సు లాన్ మెథడిస్టు బాలల గృహం 1968లో తెరిచారు. దానికి పేరిచ్చిన చెన్ సు లాన్ గారు మా వృత్తివారే కావడం మాకు ఒకింత గర్వంగా ఉన్నది. ఈ ఊరి వైద్య పాఠశాల నుంచి 1910లో బయటికి వచ్చిన మొట్టమొదటి జట్టులో ఆయన ఒకరు. 1933లో నల్లమందు వ్యసనపరులకు చికిత్సాలయం నడిపిన మనిషి.

అప్పటి పిల్లలకూ ఇప్పటి పిల్లలకూ ఒక తేడా ఉన్నది. ఆనాడు ఎక్కువమంది తల్లిదండ్రులు పోయినవారు, లేక పూట గడవని ఇళ్ళవారు. ఈనాడు హోములలో ఉన్న పిల్లలలో చాలామందికి తల్లో తండ్రో ఉన్నారు. కొట్టడమో, పట్టించుకోకపోవడమో, జైలో, మత్తుమందో, మనోవ్యాధో ఆ ఇంటిని ఇల్లు కాకుండా చేసింది. కోర్టు ఉత్తరువు మీద పిల్లలు ఇక్కడికి వస్తారు. మరొక ఇంట పెరిగే ఫాస్టరింగ్ పద్ధతి ఇక్కడ 1956 నుంచి ఉన్నది, ప్రభుత్వం వీలైనంతవరకు దానికే మొగ్గు చూపుతుంది. అయితే పదిహేనూ పదహారేళ్ళు వచ్చిన పిల్లలకు కొత్తగా ఒక ఇల్లు దొరకడం తేలిక కాదు. పూర్వం ఇక్కడి బాలల చట్టం రక్షణ పదహారేళ్ళ లోపువారికే ఉండేది. 2020 జూలై 1 నుంచి దానిని పద్దెనిమిదేళ్ళ లోపువారికి పెంచారు. రెండేళ్ళు పెరిగాయి, మంచిదే. ఆ తరువాత?

హోమ్ ఏమి నేర్పుతుంది

ఆ కుర్రవాడు వచ్చి వెళ్ళిన కొన్నాళ్ళకు, పెద్దపిల్లలకు ఆరోగ్య విషయాలు చెప్పమని ఒక హోమ్ వారు అడిగితే ఆరు శనివారాలు వెళ్ళాము. నేర్పబోయినవాళ్ళమే నేర్చుకుని వచ్చాము.

పెద్దపిల్లలకు అక్కడ వేరే భాగం ఉన్నది. ఎవరి తాళంచెవి వారిదే. వారానికి ఇంత అని డబ్బు చేతికి ఇస్తారు. అందులోనే బియ్యం, గ్రుడ్లు, సబ్బు, బస్సు ఖర్చు, ఫోను ఖర్చు. బట్టలు వారే ఉతుక్కుంటారు. పొద్దున లేపేవారుండరు. మొదటివారం గురువారం నాటికే డబ్బు అయిపోయినవాడు ఆదివారం దాకా పొట్లం నూడుల్స్ తింటాడు. పెంపకందారులు చూస్తూ ఊరుకుంటారు. రెండోవారం శుక్రవారం దాకా వస్తుంది. "చేతులు కట్టుకుని కూర్చోవడమే మా ఉద్యోగంలో కష్టం" అన్నారు అక్కడి పెద్దావిడ ఒకరు.

మాకు మా హౌస్ సర్జన్సీ జ్ఞాపకం వచ్చింది. మొదటి కుట్టు వేసిన రోజున చేతులు వణికాయి. వెనుక పెద్ద డాక్టరుగారు నిలబడి ఉన్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన వెనుక ఉన్నారన్న ధైర్యంతోనే సూది ముందుకు వెళ్ళింది. తప్పు చేయడానికి చోటూ, తప్పు చేసినప్పుడు పట్టుకునే మనిషీ ఉంటేనే పని వస్తుంది. ఆ హోమ్ చేస్తున్నదీ అదే.

మేము చెప్పినవి చిన్న విషయాలు. మందుసీసా మీది కాగితం చదవడం. జ్వరం బిళ్ళ రోజుకు ఎన్నిటికి మించకూడదు. పీల్చే మందు సరిగా పీల్చడం ఎలాగ (ఉబ్బసం ఉన్న పెద్దలలో కూడా సగంమంది తప్పుగానే పీలుస్తారని మా అనుభవం). క్లినిక్కు చాలేది ఎప్పుడు, ఆసుపత్రి అత్యవసర విభాగానికి పరుగెత్తవలసింది ఎప్పుడు. చివరి శనివారం ఒక్కొక్కరి చేత ఒక్కొక్క కాగితం వ్రాయించాము: వేసిన టీకాలు, వచ్చిన జబ్బులు, వాడే మందులు, పడని మందులు. హోమ్ ఫైళ్ళు వెతికి సగం నింపారు. కుటుంబంలో ఎవరెవరికి ఏ జబ్బులున్నాయో వ్రాయవలసిన వరుస మాత్రం చాలామందికి ఖాళీగా మిగిలింది.

మన ఇళ్ళలో పద్దెనిమిదేళ్ళవాడు గ్రుడ్డు ఉడకబెడితే ఫోటో తీసి అమ్మమ్మకు పంపిస్తాము. ఈ పిల్లలకు ఆ వయస్సుకు మనవాళ్ళకంటె చాలా ఎక్కువ పనులు వచ్చు. పనుల్లో వాళ్ళు వెనుకబడిలేరు.

హోమ్ ఇవ్వలేనిది

మరి లోటెక్కడ? ఈ ఊళ్ళో పెళ్ళికాని మనిషి ఒంటరిగా హెచ్.డి.బి. ఫ్లాటు కొనాలంటే ముప్ఫయి అయిదేళ్ళు నిండాలి. తల్లిదండ్రులు లేనివారికి ఇరవై ఒకటికే వీలున్నది గాని, చెప్పాము గదా, ఈ పిల్లలలో చాలామందికి తల్లిదండ్రులు ఉన్నారు. గది అద్దె సంగతి మనకు వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడి సామాన్య కుటుంబాల పిల్లలు పెళ్ళి దాకా అమ్మానాన్నల దగ్గరే ఉంటారు. అందరికంటె ముందుగా సొంతకాళ్ళ మీద నిలబడవలసి వచ్చేది అందరికంటె తక్కువ ఆసరా ఉన్నవారికే.

మన పిల్లలు కొందరు నేషనల్ సర్వీసు చేస్తున్నారు. శుక్రవారం సాయంత్రం 'బుక్ అవుట్' అయి సంచీనిండా మాసిన బట్టలతో వచ్చే కొడుకు కోసం పప్పుచారు పెట్టి ఎదురుచూచే తల్లులు ఈ పత్రిక చదువుతున్నారు. ఆ సాయంత్రం అదే గేటులోనుంచి బయటికి వచ్చి, ఎటు వెళ్ళాలో తేల్చుకోవలసిన కుర్రవాడిని కూడా ఒక్కసారి తలుచుకోవలసిందని మా మనవి.

మేము పదిహేడో ఏట హాస్టలులో చేరినప్పుడు స్వతంత్రులమైపోయామని అనుకున్నాము. ప్రతి సెలవులకూ ఇంటికి వెళ్ళాము. తిరిగి వచ్చేటప్పుడు ఆవకాయ జాడీ వెంట వచ్చేది. మా స్వాతంత్ర్యం వెనుక ఒక ఇల్లు ఉండేది. దానిని లెక్కలో వేసుకోవడం మరిచాము, అంతే.

ఇతర దేశాలవారు ఈ చిక్కును గుర్తించారు. సంరక్షణ విడిచి వెళ్ళే పిల్లలకు ఒక సలహాదారుని ఏర్పాటు చేస్తూ బ్రిటన్‌లో 2000లో చట్టం వచ్చింది. 2017 చట్టంతో ఇంగ్లండులో ఆ తోడు ఇరవై అయిదేళ్ళ దాకా పెరిగింది. మన దేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం పద్దెనిమిది నిండి ఆశ్రమం విడిచేవారికి ఆసరా ఇవ్వవచ్చునన్నది. మిషన్ వాత్సల్య పథకం క్రింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఉన్నది. విశాఖపట్నం, హైదరాబాదులలోని ఎస్.ఓ.ఎస్. బాలల గ్రామాలలో ఒక్కొక్క ఇంటికి ఒక 'అమ్మ'ను పెట్టే పద్ధతి ఉన్నది. ఆ పద్ధతిని ఆస్ట్రియాలో 1949లో మొదలుపెట్టిన హెర్మన్ గ్మైనర్ ఆలోచన అదే. పిల్లవాడికి భవనం చాలదు, మనిషి కావాలి.

వారాలు

ఈ సంగతి మన పెద్దలకు కొత్తది కాదు. మా తాతగారు వారాలు చేసుకుని చదువుకున్నారు. ఈనాటి పిల్లలకు ఆ మాట తెలియకపోవచ్చు. ఊరుగాని ఊళ్ళో చదువుకునే పేదపిల్లవాడికి ఏడు ఇళ్ళవారు వారానికి ఒక్కొక్క రోజు అన్నం పెట్టేవారు. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట. ఏ ఒక్కరికీ భారం కాదు. పిల్లవాడు రాకపోతే ఎందుకు రాలేదని కనుక్కునే ఇళ్ళు మాత్రం ఏడు. తాతగారు పెద్ద ఉద్యోగి అయ్యాక కూడా "మా గురువారం వారు" అంటూ ఆ ఇళ్ళ పెళ్ళిళ్ళకు వెళ్ళేవారట.

ప్రకాశం పంతులుగారి సంగతి అందరికీ తెలిసిందే. చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపారు. ఉపాధ్యాయులు హనుమంతరావునాయుడుగారు ఆ కుర్రవాడిని తమతో రాజమండ్రి తీసుకువెళ్ళి చదివించారు. 1953లో ఆంధ్రరాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయినది ఆ కుర్రవాడే.

ఉన్నమాట కూడా చెప్పుకోవాలి. వారాలు ఇచ్చిన ఇళ్ళు చాలావరకు తమ కులపు పిల్లలకే ఇచ్చాయి. ఆడపిల్లలకు ఆ ఊసే లేదు. మిగిలినవారికి తలుపు తెరవడానికి సంక్షేమ హాస్టళ్ళు రావలసి వచ్చింది. ఆ ఆచారంలోని మంచిని తీసుకుని గోడలను వదిలేయడానికి సింగపూరుకంటె అనువైన చోటు మనకు దొరకదు.

మనం చేయగలిగినది

మనవాళ్ళకు ఒక అలవాటున్నది. పిల్లల పుట్టినరోజున హోమ్‌కు భోజనాలు పంపి, కేకు కోసి, ఫోటోలు తీసుకుని వస్తాము. ఉద్దేశం మంచిదే. కాని ఆ పిల్లలకు ప్రతి ఆదివారం ఎవరిదో ఒక పుట్టినరోజే. మళ్ళీ కనబడని మనుషులు వాళ్ళకు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

దానికి బదులు ఒక్క కుటుంబం, ఒక్క పిల్లవాడు లేక పిల్ల, కనీసం ఏడాది పాటు. చాలా హోములు చదువు చెప్పడానికీ స్నేహంగా ఉండడానికీ స్వచ్ఛంద సేవకులను తీసుకుంటాయి. ముందుగా మన పూర్వాపరాలు విచారిస్తారు. అందుకు చిన్నబుచ్చుకోకూడదు, ఆ విచారణ పిల్లల క్షేమం కోసమే. హోమ్ అనుమతి లేకుండా బయటికి గాని ఇంటికి గాని తీసుకువెళ్ళకూడదు. ఫోటోలు వద్దు. తల్లిదండ్రుల సంగతి అడగవద్దు (ఈ మాట అనుభవించి చెబుతున్నాము). మతబోధ వద్దు. హలాల్ తినే పిల్లలయితే ఆ హాకర్ సెంటరులోనే కూర్చుని తినవచ్చు. చెప్పిన రోజున చెప్పిన వేళకు వెళ్ళడం అన్నిటికంటె ముఖ్యం. హోమ్ విడిచాక వాళ్ళు ఫోను చేస్తే ఎత్తడం ఇంకా ముఖ్యం. మన జీతాలలో సిండాకు కొంత పోతున్నది, మంచిదే. జీతం ఇవ్వలేనిది ఆదివారం మధ్యాహ్నం ఇవ్వగలదు.

ఆ కుర్రవాడు కొన్ని నెలల తరువాత మళ్ళీ వచ్చాడు, ఈసారి ఆయాసం లేకుండా, మందు అయిపోయిందని. అతనికి క్షమాపణ చెప్పుకున్నాము. దేనికో అతనికి గుర్తులేదు, లేదా లేదన్నాడు. చిరునామా మారింది గనుక కాగితం కొత్తగా నింపాడు. దగ్గరి బంధువు అన్నచోట ఈసారి ఒక పేరు ఉన్నది, బంధుత్వం అన్నచోట 'ఆంటీ' అని ఉన్నది. ఎవరని అడిగితే, హోమ్‌లో వంట చేసి ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్న ఆవిడట. ఆదివారాలు ఆమె ఇంట్లో భోంచేస్తాడట. ఆమెకు బి.పి. ఉన్నదని, మందులు సరిగా వేసుకోవడం లేదని మాకు ఫిర్యాదు కూడా చేశాడు.

మనలో ఒక్క పది కుటుంబాలు ముందుకు వస్తే చాలును. ఆసక్తి ఉన్నవారు వచ్చే సమావేశం నాడు కాఫీ వేళ మమ్మల్ని కలుసుకోవలసిందిగా కోరుతున్నాము. మధుమేహం వచ్చే నెల తప్పక వ్రాస్తాము.