డ్రమ్మర్ లేని లోటు తీర్చిన బొటనవేలు

'ఎవ్రీడే పీపుల్' అని ఒక అమెరికన్ పాట ఉంది. 1968 చివర్లో వచ్చింది. ఆ పాటలో బేస్ గిటార్ పట్టుకున్నాయన మొదటి నుంచి చివరిదాకా ఒకే ఒక్క స్వరం వాయిస్తాడు. పైన గొంతులు మారతాయి, పియానో కదులుతుంది, బాకాలు అందుకుంటాయి. ఆయన మాత్రం ఆ స్వరం దగ్గరే ఉండిపోతాడు. విసుగు రావాలి కదా? రాదు సరికదా, పాట అయ్యేలోపు మన కాలు దానంతటదే నేల మీద దరువు వేస్తుంటుంది. 1969 ఫిబ్రవరిలో ఆ పాట అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది.

ఆ స్వరం వాయించినాయన లారీ గ్రాహం. బృందం పేరు స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్. ఫంక్ సంగీతంలో బేస్ వాయిద్యానికి పెద్దపీట వేయించిన కొద్దిమందిలో ఆయన ఒకరు. ఒక్క స్వరంతో కాలు ఎలా కదుపుతారన్న ప్రశ్నకు జవాబు దొరికితే ఆయన గొప్పతనం సగం అర్థమైనట్టే.

సంగీతకారులు దీన్ని 'గ్రూవ్' అంటారు. ఆ మాటకు అసలు అర్థం గాడి. గ్రామఫోన్ రికార్డు మీద ముల్లు తిరిగే గాడి అదే. మనమూ పని సవ్యంగా సాగుతుంటే 'గాడిన పడింది' అంటాం. బండి చక్రం గాడిలో పడితే ఎడ్లను అదిలించనక్కర్లేదు, బండి దాని దారిన అది పోతుంది. గ్రూవ్ కూడా అలాంటిదే. అందరూ ఒకే కాలంలో, ఒకే తూగులో పడ్డాక పాట తనంతట తాను నడుస్తుంది. ఆ గాడి తవ్వే పని చాలావరకు డ్రమ్స్‌దీ బేస్‌దీ.

మామూలు బేస్ గిటార్‌కు నాలుగు లావుపాటి తీగలుంటాయి. అన్నిటికంటే లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. అంత మంద్రమైన శబ్దాన్ని ఫోన్‌లో ఉండే చిన్న స్పీకర్ సరిగ్గా పలికించలేదు. అందుకే ఫోన్‌లో పాట విని 'ఇందులో బేస్ ఎక్కడుంది?' అని అడిగేవాళ్లు చాలామంది. నేనూ అలా అడిగినవాణ్నే. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని అదే పాట మళ్లీ విన్నాక, అప్పటిదాకా ఇంటి గోడలే చూశాననీ పునాది ఇప్పుడు కనిపించిందనీ అనిపించింది. మృదంగంలో తొప్పి వైపు ఏం చేస్తుందో ఈ సంగీతంలో బేస్ అది చేస్తుంది. చెవికంటే ముందు గుండెల మీద పడే శబ్దం అది.

గ్రాహం 1946లో టెక్సస్‌లోని బోమాంట్‌లో పుట్టాడు. పెరిగింది కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్‌లో. తల్లి డెల్ గ్రాహం పియానో వాయిస్తూ పాడే కళాకారిణి. కొడుకు చిన్నతనం నుంచే ఆమె పక్కన గిటార్ వాయించేవాడు. తల్లీకొడుకులతో పాటు ఒక డ్రమ్మర్, మొత్తం ముగ్గురు క్లబ్బుల్లో కచేరీలు చేసేవారు. ఒకచోట ఆర్గన్ దొరికితే దాని పాదాల మెట్లతో మంద్ర స్వరాలు వాయిస్తూ, చేత్తో గిటార్ కూడా వాయించాడు. ఒకరోజు ఆర్గన్ చెడిపోయింది. ఆ మంద్ర స్వరాలు లేక పాట బోసిపోయింది. ఆర్గన్ బాగయ్యేదాకా చాలులే అని ఒక బేస్ గిటార్ అద్దెకు తెచ్చుకున్నాడు. ఆర్గన్ బాగుపడలేదు, బేస్ ఆయన చేతిలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత డ్రమ్మర్ కూడా లేకుండా పోయాడు. ఇక మిగిలింది తల్లి పియానో, కొడుకు బేస్. దరువు లేకుండా జనం నాట్యం చేయరు. అప్పుడు గ్రాహం డ్రమ్మర్ పనిని కూడా తన కుడిచేతికే అప్పగించాడు. తీగను మామూలుగా మీటడం మాని, బొటనవేలి పక్క ఎముకతో దాన్ని కొట్టాడు. అది డ్రమ్స్‌లో కాలితో తొక్కి మోగించే పెద్ద డ్రమ్ము శబ్దం. చూపుడువేలు సన్న తీగ కిందికి దూర్చి, పైకి లాగి వదిలాడు. తీగ ఫలకానికి ఠప్పున తగిలింది. అది కర్రతో కొట్టే స్నేర్ డ్రమ్ము శబ్దం. బేస్ వాయించేవాళ్లు ఈ పద్ధతిని నేడు 'స్లాప్' అంటారు. గ్రాహం మాత్రం 'థంపింగ్ అండ్ ప్లకింగ్' అంటాడు. కొట్టడం, లాగడం. ఉన్నదున్నట్టు చెప్పిన పేరు.

చేతిలో బేస్ లేకపోయినా దీన్ని బల్ల మీద చేసి చూడవచ్చు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నింపాదిగా లెక్కపెట్టండి. ఒకటికీ మూడుకీ బొటనవేలితో బల్లను కొట్టండి. రెండుకీ నాలుగుకీ చిటిక వేయండి. ధుమ్, టప్, ధుమ్, టప్. ఇది అస్థిపంజరం. ఇప్పుడు ప్రతి లెక్కలోనూ మనసులో 'తకధిమి' అనుకోండి. నాలుగు లెక్కలకు నాలుగు తకధిమిలు, మొత్తం 16 చిన్న గళ్లు. అన్ని గళ్లలోనూ కొడితే అది గోల. ఏ గడి నింపాలో, దేన్ని ఖాళీగా వదలాలో తెలియడమే గ్రూవ్. కొన్ని గళ్లలో ఎడమచేత్తో తీగను నొక్కీ నొక్కనట్టు పట్టుకుని కొడతారు. స్వరం పలకదు, 'చిక్' మని మాత్రం అంటుంది. డప్పు కళాకారుడి కుడిచేతి సిర్ర గట్టి దెబ్బ వేస్తుంటే ఎడమచేతి చిటికెన పుల్ల సన్నగా సందులు నింపుతుంది చూశారా, ఈ 'చిక్' పని అదే.

ఇక్కడితో ఆగితే ఇది అవసరానికి దొరికిన చిట్కా మాత్రమే అయ్యేది. గ్రాహం వాయింపు విన్న ఒక అభిమాని, శాన్‌ఫ్రాన్సిస్కోలో రేడియో జాకీగా ఉన్న స్లై స్టోన్‌కు పదేపదే ఫోన్ చేసి ఈ కుర్రాడి సంగతి చెప్పిందట. స్లై వచ్చి విన్నాడు, తన కొత్త బృందంలోకి పిలిచాడు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ, ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి వాయించే బృందం అది. అప్పట్లో అమెరికాలో అరుదు. అందులో గ్రెగ్ ఎరికో అనే గట్టి డ్రమ్మర్ ఉన్నాడు.

డ్రమ్మర్ దొరికాడు కాబట్టి బొటనవేలికి ఇక పనిలేదు. న్యాయంగా గ్రాహం పాత పద్ధతికి పోవాలి. పోలేదు. రెండు డ్రమ్ములు ఒకే మాట మాట్లాడితే దండగ, ఒకదానికొకటి జవాబిస్తే సంభాషణ. ఎరికో కాలు, గ్రాహం బొటనవేలు కొన్నిచోట్ల ఒకేసారి పడతాయి, అక్కడ దెబ్బ రెట్టింపు బరువుగా వినిపిస్తుంది. కొన్నిచోట్ల ఒకరు వదిలిన సందులో మరొకరు దూరతారు. లోటు తీర్చడానికి పుట్టిన వేలు, లోటు తీరాక కొత్త పని వెతుక్కుంది. చిట్కా శైలిగా మారింది ఇక్కడే.

ఆ శైలి లోకానికి తెలిసింది 1969 డిసెంబరులో వచ్చిన 'థాంక్యూ' పాటతో. అందులో బేస్ వెనక దాక్కోదు, పాటను అదే నడుపుతుంది. లావు తీగ మీద బొటనవేలి దెబ్బ, దాని వెంటే పై స్థాయిలో లాగిన చిటుకు, మధ్యలో నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని ప్రత్యేకంగా వినండి. తీగ మోగుతూనే ఉండకుండా గ్రాహం దాన్ని అరచేత్తోనో వేలితోనో ఆపేస్తాడు. స్వరం ఎప్పుడు మొదలవ్వాలో ఎంత లెక్కో, ఎప్పుడు ఆగాలో కూడా అంతే లెక్క. 1970 ఫిబ్రవరిలో ఈ పాటా మొదటి స్థానానికి వెళ్లింది.

ఫంక్‌లో ఇంకో బడి కూడా ఉంది. గాయకుడు జేమ్స్ బ్రౌన్ తన బృందానికి నేర్పింది 'ఒకటో లెక్క'. మధ్యలో ఎన్ని గిరికీలు కొట్టినా ఒకటి దగ్గర అందరూ కలిసి దిగాలి. కర్ణాటక కచేరీలో తనియావర్తనం ముగించి మృదంగ విద్వాంసుడు సమానికి వచ్చినప్పుడు సభ ఎలా ఊపిరి వదులుతుందో ఆలోచించండి. ఫంక్‌లో ఆ సమం ప్రతి ఆవర్తానికీ, అంటే రెండేసి క్షణాలకోసారి వస్తుంది. 1970లో బ్రౌన్ దగ్గర చేరిన కుర్రాడు బూట్సీ కాలిన్స్ ఈ పాఠం నేర్చుకుని, తర్వాత పార్లమెంట్, ఫంకడెలిక్ బృందాలతో దాన్ని ఆకాశానికెత్తాడు. బూట్సీ బేస్ రబ్బరులా సాగుతుంది, గ్రాహం బేస్ సమ్మెటలా పడుతుంది. గాడి ఒకటే, చక్రాలు వేరు.

గ్రాహాన్ని వేదిక మీద చూడటం వేరే అనుభవం. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ ఉత్సవంలో వీళ్ల వంతు వచ్చేసరికి తెల్లవారుజాము మూడున్నర. వానకు తడిసి, బురదలో నిద్రపోతున్న జనాన్ని లేపి అరిపించారు. ఆ చిత్రీకరణ ఇప్పటికీ దొరుకుతుంది. అదే వేసవిలో హార్లెమ్‌లో జరిగిన కచేరీల దృశ్యాలు 'సమ్మర్ ఆఫ్ సోల్' అనే డాక్యుమెంటరీలో 2021లో బయటికొచ్చాయి. అందులోనూ ఈ బృందం ఉంది. పాటల మధ్యలో దిగే గ్రాహం మంద్ర గొంతు కూడా గమనించండి. ఆయన గొంతూ బేసే.

1972లో ఆ బృందం వదిలి, గ్రాహం సెంట్రల్ స్టేషన్ అని సొంత బృందం పెట్టుకున్నాడు. పెద్దవయసులో ఆయన కచేరీల్లో చాలాసార్లు బృందం తెర వెనక నుంచి రాదు, డ్రమ్ములు మోగిస్తూ ప్రేక్షకుల మధ్య నుంచి ఊరేగింపుగా వేదికెక్కుతుంది. తెల్ల సూటు, టోపీ, తెల్ల బేస్. ఆ బేస్‌కే ఒక మైకు బిగించి ఉంటుంది. దాంతో మైకు స్టాండుకు కట్టుబడకుండా పాడుతూ, వాయిస్తూ జనం దగ్గరికి వెళ్లగలడు. చప్పట్లు ఎక్కడ పడాలో జనానికి చూపించి, వాళ్లు పట్టుకున్నాకే తాను ఇంకో అడుగు వేస్తాడు. సభ మొత్తం ఆయనకు డ్రమ్మర్ అవుతుంది.

ఆయన వేసిన దారిలో తర్వాతివాళ్లు చాలా వేగంగా పరిగెత్తారు. లూయిస్ జాన్సన్, మార్కస్ మిల్లర్, విక్టర్ వూటెన్ ఆ బొటనవేలిని ఎక్కడికో తీసుకెళ్లారు. గ్రాహాన్ని తన గురువుగా చూసిన గాయకుడు ప్రిన్స్, 1990ల చివర్లో ఆయన్ను మినియాపోలిస్‌కు రప్పించుకుని కలిసి వేదికలెక్కాడు. వేగం పోటీ పెడితే గ్రాహం ఓడిపోవచ్చు. కానీ ఆయన వాయింపు ఎప్పుడూ వేళ్ల సత్తా చూపడానికి పుట్టలేదు. ఓక్‌లాండ్ క్లబ్బులో అమ్మ పాడుతోంది, డ్రమ్మర్ లేడు, ఎదుట జనం ఆడాలి. ఆయన వేలికి అప్పుడు పడ్డ బాధ్యత అదే.

ఇప్పుడు 'ఎవ్రీడే పీపుల్' మళ్లీ వినండి. ఈసారి గొంతులను పట్టించుకోకండి, ఆ ఒక్క స్వరాన్నే పట్టుకోండి. అన్ని వాయిద్యాలూ తలో దారి పట్టిన పాటలో ఎవరో ఒకరు కదలకుండా నిలబడాలి. అక్కడ నిలబడటానికి ఒప్పుకున్నది, ఆ బృందంలో అందరికంటే ఎక్కువ కదిలించగల మనిషి.